మలీత వీపు

బడి ముందు బోర్డు మీద మీ పేరుకు రెండు పూతల రంగు వేయించారు. జోంబా రోడ్డు మీద పోయే లారీవాడికి కూడా కనపడాలని అడ్డమొచ్చిన మామిడి చెట్టును మొదలంటా కొట్టించారు. ఆ బోర్డు కాళ్ళ కింద పోయడానికి మాత్రం మీకు సిమెంటు దొరకలేదు. ఫొటో దిగే రోజు దగ్గర పడిందని రెండు నీలగిరి దుంగలు మట్టిలో గుచ్చి, చుట్టూ కాలితో తొక్కి, చేతులు దులుపుకున్నారు. తావినా అనే మూడేళ్ళ పిల్లను చంపింది మీరు. డబ్బిచ్చిన దొరలూ, వాళ్ళ చుట్టూ తిరిగిన చైర్మనూ, రిబ్బను కత్తిరిస్తుంటే చప్పట్లు కొట్టిన జిల్లా అధికారులూ. మలీత చంపిందని ఊరంతా చెప్పుకుంటోంది. చెప్పుకోనివ్వండి. ముందు ఆ మలీత ఎవరో వినండి.

ఆ రోజు కూడా ఆమె రోజూ చేసే పనే చేస్తోంది. బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి ముందు వంగి జావ కుండలో తెడ్డు తిప్పుతోంది. మొక్కజొన్న పిండిలో సోయా పిండి కలిపిన జావ. తెడ్డు ఆగితే అడుగంటుతుంది, అడుగంటితే పిల్లలు ముఖం తిప్పుకుంటారు. కట్టెలు పచ్చివి. పొగ ఎటు పోవాలో తెలియక ఆమె ముఖం మీదికే వస్తోంది. ఆమె తల పక్కకు తిప్పలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ కళ్ళు ఎర్రగానే ఉంటున్నాయి, కొత్తగా మండేదేమీ లేదు.

మనిషి పొట్టి. పాదాలు పగుళ్ళు తేలి నేల రంగుకే తిరిగాయి. చేతులు సన్నం. వీపు మాత్రం వెడల్పు. నడుము దగ్గర కాస్త ముందుకు వంగి, వీపున బిడ్డ లేకపోయినా ఉన్నట్టే నడుస్తుంది. రొమ్ముల పైన, బిడ్డను వీపున కట్టే చితెంజె గుడ్డ ముడి పడే చోట, చర్మం మొద్దుబారి కాయ కాసింది. పెళ్ళికి ముందు తమ్ముళ్ళను మోసింది. ఆ తర్వాత తన పిల్లలను. మొగుడు జొహన్నెస్‌బర్గుకు పనికని పోయి మళ్ళీ కనపడలేదు, అయినా ఆ వీపు ఖాళీగా ఉన్నది లేదు. చెల్లెలు జబ్బు చేసి పోతే చెల్లెలి పిల్లలు ఎక్కారు. వాళ్ళు దిగితే మనవలు ఎక్కారు. ఊళ్ళో సగం మంది ఆ వీపు మీద చొంగ కార్చి నిద్రపోయినవాళ్ళే. గడ్డాలొచ్చిన మగాళ్ళు కూడా ఎదురైతే "అవ్వా, మళ్ళీ ఎక్కించుకుంటావా?" అని ఆటపట్టిస్తారు. "ఎక్కు, నా నడుం విరిగితే మీ ఆవిడ వచ్చి నా జావ కలపాలి" అంటుంది.

ఆమెకు ఆస్తి లేదు, చదువు లేదు, పాటలు కూడా సరిగ్గా రావు. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం ఒక్కటే వచ్చు. అందుకే బడికి పిలిచారు. జీతం లేదు. స్వచ్ఛంద సేవకురాలు అంటారట అలాంటివాళ్ళను. కుండ అడుగున మిగిలిన జావ ఆమెది.

"పెద్దమ్మా, కుండ దింపెయ్, మాడు వాసన వస్తోంది," అంది ఫలేసి, బడి గుమ్మంలోంచి. పిల్లలకు అక్షరాల పాటలు నేర్పే పిల్ల ఆమె. ఇంకా పెళ్ళి కాలేదు, గొంతు పెద్దది.

"మాడు వాసన నీ మాటల్దే. నా కుండది కాదు."

"అయితే ఆ ఏడ్చేవాణ్ణి కాస్త కట్టుకో. పొద్దుట్నుంచి నా చెవులు తూట్లు పొడుస్తున్నాడు. నీ వీపెక్కితే మంత్రిగారైనా గురక పెట్టాల్సిందే."

"మంత్రిగారు బరువు. వాణ్ణే పంపు."

పిల్లలు బయట బోర్డు నీడలో చాప మీద కూచున్నారు. ఇంకెక్కడ కూచుంటారు? మామిడి చెట్టు ఉన్నప్పుడు దాని కింద కూచునేవాళ్ళు. ఇప్పుడు మొదలు మిగిలింది, దాని మీద చీమలు. వానలు ఇంకా పడలేదు. ఎండకు గదిలోని రేకు కప్పు కాగి కూచున్నవాళ్ళను ఉడకబెడుతోంది. బయట నీడంటూ ఉన్నది ఆ ఇనప రేకు బోర్డుదే. పొద్దున అది పడమటికి పొడుగ్గా పడుతుంది. ఫలేసి ఆ పొడుగు చూసి చాప పరుస్తుంది. నీడ జరిగిన కొద్దీ చాప బోర్డు కాళ్ళ దగ్గరికి జరుగుతుంది. పిల్లలకు అదొక ఆట, "జరగండీ" అనగానే పిర్రల మీద పాకుతూ కిలకిలమంటారు.

బోర్డు కాళ్ళకు కిందినుంచి చెదపుట్ట మన్ను ఎక్కింది. అందరికీ కనపడుతున్న సంగతే. మలీత ఒకసారి పొయ్యి బూడిద పోసింది. చెదలు దాన్ని దాటి ఎక్కాయి. ఆ రోజు పొద్దున బడి కమిటీ చైర్మన్ చిపేటా మోటారు సైకిలు మీద వచ్చాడు. మర్నాడు దాతలు వస్తున్నారని చెప్పడానికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ మడతలు నలగకుండా బండి దిగుతుంటే మలీత చేతులు తుడుచుకుంటూ వెళ్ళి మోకాలు వంచి దణ్ణం పెట్టింది.

"చైర్మన్ గారూ, బోర్డు కాళ్ళు చెదలు తింటున్నాయండీ."

"చూశాలే. వాళ్ళు వచ్చి పోనీ, చూద్దాం."

"పిల్లలు దాని కిందే కూచుంటారు మరి."

"ఇంకెక్కడ కూచుంటారు? చెట్టు లేదుగా!" అని నవ్వాడు. తను కొట్టించిన చెట్టే. "రేపు పిల్లల ముఖాలు కడిగించు. ముక్కులు ముఖ్యంగా. ముక్కు కారే పిల్లలతో వాళ్ళు ఫొటో దిగరు."

మలీత తలూపి పొయ్యి దగ్గరికి వచ్చింది. చెప్పాల్సింది చెప్పింది, ఆపైన అది చైర్మన్ పని. తన పని తెడ్డు.

ఫలేసి పంపిన ఏడుపువాడు ఆమె వీపున ఒక కునుకు తీసి చాప మీదికి పోయాడు. జావ కుతకుతలాడుతుండగా గాలి లేచింది. వానలకు ముందు లేచే సుడిగాలి, ఎర్రమట్టిని పొడుగ్గా తాడులా పేనుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. పిల్లలకు అదంటే సరదా. లేచి కేకలు పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకోవడం వల్ల ఎవరూ చూడలేదు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడొక్కటి వినపడింది, ఆ వెంటనే రేకు నేలకు కొట్టుకున్న చప్పుడు.

మలీత తెడ్డు చేతిలో ఉండగానే పరుగెత్తింది. బోర్డు బోర్లా పడి ఉంది. దాని కింద చాప సగం. పిల్లలు చెల్లాచెదురుగా నిలబడి ఉన్నారు. ఫలేసి ఒక్కొక్కరినీ పట్టుకుని తడిమి చూస్తోంది. బోర్డు అంచు పక్కన తావినా ఒక్కతే కూచుని ఉంది. పసుపు గౌను. ఏమైందో అర్థం కానట్టు చుట్టూ చూసింది. ఎడమ చెవి పైన వేలెడంత వాపు అప్పుడే లేస్తోంది. నెత్తురు లేదు. మలీత ముఖం చూశాక గాని ఏడుపు రాలేదు. వచ్చింది మాత్రం పెద్దగానే వచ్చింది.

"అమ్మ, అమ్మ, అయిపోయింది, అయిపోయింది," అంటూ మలీత ఎత్తుకుంది. చన్నీళ్ళతో తడిపిన గుడ్డ వాపు మీద అద్దింది. పిల్ల ఊరుకోలేదు. అప్పుడు మలీత జీవితమంతా చేసిందే చేసింది. నడుం వంచి, పిల్ల చంకల కింద చేయి వేసి, ఒక్క ఊపున వీపు మీదికి తిప్పుకుంది. తావినా చెంప ఆమె మెడ ఎముకల మధ్య ఆనింది. ఆకుపచ్చ చితెంజె గుడ్డను పిల్ల మీదుగా కప్పి, కొసలు ముందుకు లాగి, కాయ కాసిన చోట ముడి వేసింది. తర్వాత కాళ్ళు మార్చి మార్చి ఊగుతూ, రాగం లేని పాట ఒకటి గొణగడం మొదలుపెట్టింది.

చైర్మన్ పరుగున వచ్చాడు. ముందు బోర్డును చూశాడు.

"ఎవరికైనా తగిలిందా?"

"తావినాకు తగిలిందండీ. తలకి," అంది ఫలేసి.

"ఏడుస్తోందా?"

"ఏడుస్తోంది."

"ఏడుస్తోందంటే ఫర్వాలేదు."

కాసేపటికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వెక్కిళ్ళు దూరం దూరంగా వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. మలీత మెడ మీద వేడి ఊపిరి నిదానంగా తగులుతోంది.

"పడుకుందా?"

"పడుకుంది."

అందరి భుజాలూ కిందికి దిగాయి. మా ఊళ్ళో వీపు మీద బిడ్డ నిద్రపోతే ఇక ఆ సంగతి అయిపోయినట్టే. జ్వరమైనా, దెబ్బైనా, ఆకలైనా, వీపు మీద నిద్రపోయిన బిడ్డకు నయమైనట్టే లెక్క. మా అమ్మలు అలాగే చూశారు, వాళ్ళ అమ్మలూ అలాగే చూశారు.

"వాళ్ళమ్మకి కబురు పెడదామా?" అంది ఫలేసి. తావినా తల్లి ఎజెలీనా రోడ్డు మీది మార్కెట్లో ఎండు చేపలు అమ్ముతుంది.

"పిల్ల హాయిగా నిద్రపోతుంటే ఆమె బేరం చెడగొట్టడం ఎందుకు?" అన్నాడు చైర్మన్. అప్పటికే రోడ్డు మీద పోతున్న మగాళ్ళను పిలుస్తున్నాడు. "రండి, పట్టండి. రేపు దాతలొచ్చేసరికి నిలబడాలి ఇది. రాళ్ళు తెండి, రాళ్ళు."

జావ అడుగంటింది. మలీత పైది పైదిగా పిల్లలకు పోసింది. వంగి పోసింది, లేచి పోసింది, కప్పులు కడిగింది. వీపు మీద పిల్ల ఉండగా పని చేయడం ఆమెకు కొత్తా? పిల్ల బరువు ఎటు జారితే ఆమె నడుము అటు సర్దుకుంటుంది. ఒకసారి మెడ మీద వెచ్చగా తడి తగిలింది. పుల్లటి వాసన. పిల్ల కక్కుకుంది. మలీత గుడ్డ కొసతో వెనక్కి తుడిచి, "ఏడ్చి ఏడ్చి కడుపులోది తెచ్చుకున్నావా తల్లీ," అంది. పిల్ల లేవలేదు. అలసిపోయిందిలే అనుకుంది. తనూ అలసిపోయింది. నడుము కింది ఎముక పొద్దుటినుంచీ సలుపుతోంది. ఇంకా కుండ తోమాలి, పిల్లల ముక్కులు తుడవాలి, సాయంత్రం తన ఇంటి పొయ్యి రాజేయాలి, అక్కడ మరో మనవడు ఈ వీపు కోసం ఏడుస్తుంటాడు. ఈ నిద్రపోయే పిల్ల ఒక్కతే ఇవాళ తనను సతాయించలేదు.

కుండ ఎత్తడానికి వంగినప్పుడు గుడ్డలోంచి పిల్ల చేయి బయటికి జారింది. జారి, అలాగే వేళ్ళాడింది. నిద్రపోయే బిడ్డ చేయి జారితే మళ్ళీ లోపలికి లాక్కుంటుంది, లేదంటే వేళ్ళు ముడుచుకుంటుంది. ఈ చేయి కుండ అంచుకు తగిలి అటూ ఇటూ ఊగింది. మలీత కుండ వదిలేసింది.

"ఫలేసీ. ఒకసారి ఇలా రా. పిల్ల ముఖం చూడు."

ఫలేసి వెనక్కి వెళ్ళింది. గుడ్డ అంచు పక్కకు లాగింది.

"పెద్దమ్మా... దీని కన్ను ఒకటి సగం తెరిచే ఉంది. పెద్దమ్మా, నల్లగుడ్డు చూడు, ఎలా ఉందో చూడు!"

"నాకెట్లా కనపడుతుందే? నా వీపు మీద ఉంటే నాకెట్లా కనపడుతుంది?"

అదీ సంగతి. అన్నేళ్ళు అంతమంది బిడ్డలను మోసిన మనిషి, వీపున నిద్రపోయే ఒక్క బిడ్డ ముఖం కూడా చూడలేదు.

సైకిలు మీద మనుషుల్ని ఎక్కించుకుపోయే సయిదీ రోడ్డు పక్క నిలబడి బోర్డుకు రాళ్ళు పేర్చేవాళ్ళను చూస్తూ నవ్వుతున్నాడు. మలీత ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఎక్కవ్వా," అన్నాడు, ఎక్కడికని అడక్కుండానే.

ఆరోగ్య కేంద్రంలో నర్సు పిల్లను బల్ల మీద పడుకోబెట్టింది. రెప్పలు పైకి లాగి టార్చి వేసింది. ఒక కంటిపాప చిన్నది, ఒకటి పెద్దది. తావినా అని పిలిచింది, అరికాలు గిల్లింది.

"దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"జావ ఉడుకుతుండగా."

"ఇంతసేపూ ఏం చేశారు?"

"పడుకుందమ్మా. నా వీపు మీద పడుకుంది."

నర్సు తిట్టలేదు. తిట్టడానికి కూడా ఆమెలో ఓపిక ఉన్నట్టు లేదు. బయట ఆమె కోసం ఇంకా వరండా నిండా జనం. "అది నిద్ర కాదు," అంది. "తల లోపల నెత్తురు కారుతోంది. ఇక్కడ ఏమీ చేయలేం. జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి. అంబులెన్సులో డీజిలు లేదు. మార్కెట్ దగ్గర మినీబస్సు ఎక్కండి. ఒళ్ళో పెట్టుకుని పో, మెడ కదలనివ్వకు."

ఒళ్ళో పెట్టుకునే సయిదీ సైకిలెక్కింది మలీత. గేటు దాటగానే గుంతలో సైకిలు ఎగిరింది, ఇద్దరూ పడబోయారు.

"అవ్వా, ఇట్లా అయితే మార్కెట్ దాకా పోలేం. ఒక చెయ్యి నన్ను పట్టుకోవాలి నువ్వు. కట్టుకో."

"కట్టుకోవద్దంది."

"ఆమె సైకిలెక్కి చెప్పిందా? కట్టుకో అవ్వా, ఆలస్యమవుతోంది."

మలీత కట్టుకుంది. నడుం వంచడం, ఊపడం, కప్పడం, ముడి. చేతులు వాటంతట అవే చేశాయి. ఈసారి పాట రాలేదు. మెడకు తగిలే ఊపిరిని వింటూ కూచుంది. లోపలికి, బయటికి. లోపలికి, బయటికి. సయిదీ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. దారి పక్కన ఎవరో మొక్కజొన్న పొలం కాల్చి వానకు సిద్ధం చేస్తున్నారు, గాలిలో మసి తేలుతోంది. మిషను బడి దాటాక ఒక పొడుగాటి ఊపిరి మెడ మీద పాకింది. మలీత తర్వాతిదాని కోసం చూసింది. సైకిలు గొలుసు కిర్రుమంటోంది. ఇంకా చూసింది. నడుము దగ్గర వెచ్చగా తడి దిగింది, వెంటనే చల్లబడటం మొదలుపెట్టింది.

సయిదీకి చెప్పలేదు. చెబితే ఆగుతాడు. ఆగితే అది నిజమవుతుంది.

మార్కెట్ మొదట్లోనే ఎజెలీనా గోనె పరుచుకుని ఎండు చేపలు కుప్పలు పోసి కూచుంది. సైకిలు ఆగడం చూసి, మలీత వీపు మీద పసుపు గౌను అంచు చూసి ముఖమంతా నవ్వింది.

"ఏంటి, నా కూతుర్ని సైకిలు మీద ఊరేగిస్తున్నావా? అమ్మో, ఇంత గోలలోనూ ఎట్లా పడుకుందో చూడు! రాత్రి నన్ను ఒక్క కునుకు వేయనివ్వలేదు దొంగది. నీ వీపెక్కితే చాలు, ఎవరైనా నిద్రపోవాల్సిందే."

మలీత సైకిలు దిగింది. రొమ్ముల మీది ముడి విప్పబోయింది. వేళ్ళు వినలేదు. పక్కన టమాటాలమ్మే ఆమె లేచి వచ్చి విప్పాల్సి వచ్చింది.

పిల్లను మర్నాడు పూడ్చారు. దాతల రాక వారం వాయిదా పడింది. ఆకుపచ్చ చితెంజె గుడ్డను ఎజెలీనా వదల్లేదు, పిల్లను దాంట్లోనే చుట్టింది. మట్టి పోసిన తర్వాత పెద్దల ముందు చైర్మన్ నిలబడి, చిన్న దెబ్బేనని తనతో చెప్పారని, మలీత పిల్లను వీపున కట్టుకుని సంగతి తెలియనివ్వలేదని చెప్పాడు. ఫలేసి నోరు తెరవబోయింది, వాళ్ళ నాన్న మోచేయి పట్టుకుని కూచోబెట్టాడు. పెద్దాయన మలీతను అడిగాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూచుని ఉంది.

"అవునయ్యా. నేనే పడుకోబెట్టాను," అంది.

బోర్డు ఊసెత్తలేదు, చెదల ఊసెత్తలేదు. ఆ మర్నాటినుంచి బడికి రాలేదు. ఇంట్లో మనవడు ఏడిస్తే ఎదురుగా కూచోబెట్టుకుని వాడి ముఖంలోకే చూస్తోందట. వాడు వీపు కావాలని ఇంకా ఏడుస్తున్నాడట.

ఆమె తప్పు చేసింది. మేమూ చేసేవాళ్ళం, మా అమ్మలంతా చేసేవాళ్ళు. ఆ తప్పు మేం దిద్దుకుంటాం. అమ్మలారా, తలకు దెబ్బ తగిలిన బిడ్డను వీపున కట్టకండి. ఒళ్ళో పెట్టుకుని ముఖం చూడండి. కక్కినా, లేపితే లేవకపోయినా ఎవరి అనుమతీ అడక్కుండా పరుగెత్తండి. ఇది మా పని. మరి మీ పని? దాతలు వచ్చారు, ముక్కులు తుడిచిన పిల్లలతో ఫొటో దిగారు, పోయారు. బోర్డు మళ్ళీ నిలబడింది. చెదలు తిన్న మొదళ్ళు నరికి, పొట్టి చేసిన అవే దుంగలను అదే మట్టిలో గుచ్చి, రాళ్ళు పేర్చారు. సిమెంటు లేదు. నిన్న సాయంత్రం కూడా రోడ్డు అవతల సుడిగాలి లేచింది.

వచ్చే వారం కాదు, సమావేశం పెట్టాక కాదు. ఇవాళే రండి, గునపాలు తెచ్చుకోండి, దాన్ని పీకేయండి. దాని నీడలో చాప పరిచి ఉంది.